800 మీటర్లతో ఆపేస్తే ఎలా?

హైస్కూల్లో మొదలైన నా పరుగుకి కాలేజీలో ఇదే ఆఖరి ఏడు. పతకాలు రెండే, అవీ కంచువే. బాధ అది కాదు. మూడేళ్లూ మన ఆటల పోటీల్లో 800 మీటర్లతోనే ఆపేశారు. నాకు ఊపిరి కుదురుకునేదే ఆ తర్వాత! బళ్లారి ఎండ ముదరకముందే రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని. అయినా "అంత దూరం ఆడపిల్లలు తట్టుకోలేరమ్మా" అనేవారు.

1928 ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తాక కూడా ఇదే మాట అన్నారు. 1960 దాకా ఆ పందేన్నే ఎత్తేశారు. తర్వాత 1984లో మారథాన్, 1996లో 5000 మీటర్లు చేర్చారు. అడగ్గా అడగ్గానే దూరం పెరిగింది.

చెల్లెళ్లూ, వచ్చే ఏడు 5000 మీటర్లు పెట్టమని అడగండి. పేర్లిచ్చేవాళ్లు ముగ్గురున్నా చాలు. చప్పట్లు కొట్టడానికి నేనొస్తా.