పలనాటి పిల్లలును ప్రదర్శనశాలలును

మన పలనాటి పాఠశాలల పిల్లలు విహారయాత్రలలో హైదరాబాదునకు పోయి సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూచి వచ్చుచున్నారు. ఏమి చూచితిరని యడిగినచో గడియారమని చెప్పుచున్నారు. గంటగంటకును చిన్నబొమ్మ వచ్చి గంటకొట్టు ఆ గడియారము చూడదగినదే. పెద్దలును దానియెదుట గుమిగూడుచున్నారు. కాని చీనా పింగాణి, పారశీకపు తివాసులు, మొదటి సాలార్‌జంగు 1876లో ఇటలీలో కొన్న ముసుగు రెబెక్కా చలువరాతి ప్రతిమ, ఇవన్నియు ఒక్క గడియారము వెనుక దాగిపోవుట విచారకరము.

నెపము పిల్లలమీద వేయరాదు. కారెమపూడి వీరులగుడిలో ఆయుధములకు జరుగు పూజను చూచిన బాలునకు పాతవస్తువును గౌరవించుట ఎవరును నేర్పనక్కరలేదు. అచ్చట ఆయుధమున్నది, దాని కథ చెప్పు వీరవిద్యావంతుడును ఉన్నాడు. ప్రదర్శనశాలలో వస్తువున్నది, అద్దమున్నది, అట్టముక్కపై నాలుగు మాటలున్నవి, చెప్పువాడు లేడు. వెంట వచ్చిన ఉపాధ్యాయుడు పిల్లలను లెక్కపెట్టుకొనుటలోనే అలసిపోవుచున్నాడు!

అదియునుగాక, ప్రపంచమును చూచుటకు పలనాటి బాలుడు మొదట మూసీతీరమునకే పోవలయునా? మాచర్లకు చేరువనున్న విజయపురి దక్షిణమున పడవ నెక్కినచో నాగార్జునకొండ ద్వీపము వచ్చును. ఆ లోయలో ప్రాచీనస్తంభమును చూచి 1926లో ప్రభుత్వమునకు తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్యగారను బడిపంతులు. 1927 మొదలు లాంగ్‌హర్స్టు దొర అచ్చట త్రవ్వించెను. సాగరజలములు లోయను ముంచకమునుపే, 1954 మొదలు 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యముగారు త్రవ్వకములు సాగించిరి. నాడు దొరకిన శిల్పములకు కొండమీది ప్రదర్శనశాల ఆశ్రయమైనది.

ఆ లోయలో దొరకినదేమి? క్రీ.శ. 3వ శతాబ్దమున బోధిశ్రీ యను ఉపాసిక సింహళ భిక్షువులకొరకు చైత్యగృహమును కట్టించి వ్రాయించిన శాసనమున కాశ్మీర, గాంధార, చీన, వంగ, వనవాసి, యవన దేశముల పేర్లు వరుసగా నున్నవి. ఒక గృహిణి నోట అన్ని దేశముల పేర్లు! రాజసౌధపు చోట బయల్పడిన స్తంభముపై నిడుపుచేతుల అంగీ తొడిగి, బల్లెము పట్టిన శకభటుడు నిలిచియున్నాడు. కృష్ణయొడ్డున ఈ యెండలో ఆ చలిదేశపు దుస్తులేమని పిల్లవాడడుగును. అడుగవలయును. ఇక్ష్వాకురాణి రుద్రధరభట్టారిక ఉజ్జయినీ మహారాజు కూతురని చెప్పినచో, శకులు పాలించిన ఉజ్జయినికిని మన లోయకును గల బాంధవ్యము వానికి తోచును. రోమకుల బంగారునాణెములును ఈ మట్టిలోనే దొరకినవన్నచో మరి పది ప్రశ్నలు పుట్టును.

పొరుగున నున్న అమరావతి శిల్పములలో అనేకము 1859లో లండను చేరినవి. అచ్చటి బాలుడు వెల చెల్లింపకయే బ్రిటిషు మ్యూజియమునకు పోయి, నానాదేశముల వస్తువులనడుమ ఆంధ్రశిల్పమును చూడగలడు. అవి తిరిగి రావలయునని మనము కోరుట న్యాయమే. కాని మనకు మిగిలినదానినైన మన పిల్లలకు చూపనిచో ఆ కోరికకు బలమెక్కడిది?

2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పలనాడు జిల్లా విద్యాధికారులను మేము కోరునది పెద్దది కాదు. యాత్రకు ముందుగా ఉపాధ్యాయుని ఒకదినము ఒంటరిగా ద్వీపమునకు పంపవలయును. పడవరుసుమును పాఠశాలయే భరింపవలయును. అతడు మూడు వస్తువుల నెన్నుకొని వాని కథను తెలిసికొని రావలయును. మూడు చాలును, తక్కినవి పిల్లలు తమంతట తాము చూచుకొందురు. మరుసటి యేట హైదరాబాదునకు పోయినప్పుడు ఆ పిల్లలలో ఒకడైనను పింగాణి యెదుట నిలిచి, బోధిశ్రీ చెప్పిన చీన యిదియేనా యని యడుగకపోడు. ఎండలు ముదురకమునుపే, మాఘమాసములో, మొదటి పడవను పంపవచ్చును.