ఉర్దూ వర్సిటీ ఆళ్లగడ్డకు ఎంత దూరం?

కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో చట్టంతో పుట్టింది. తరగతులు మొదలైంది మాత్రం ఉస్మానియా కళాశాల ఆవరణలో. 1947లో ఆ కళాశాలను నెలకొల్పిన విద్యావేత్త పేరే వర్సిటీకీ పెట్టారు, సబబైన పనే. అయితే పేరు పెట్టినంత సులువు కాదు, అధ్యాపకులను పెట్టడం.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, ఓర్వకల్లు మీదుగా కర్నూలుకు వంద కిలోమీటర్ల పైమాటే. ఇంటర్ ముగించిన ఆడపిల్లను రోజూ అంతదూరం బస్సెక్కించే ఇల్లు ఎన్ని ఉంటాయి? హాస్టల్ గది దొరికితే డిగ్రీ, లేదంటే పెళ్లి సంబంధాలు.

మరో సంగతి. ఈ సీమలో దూదేకుల ముస్లిం కుటుంబాలు చాలావాటికి ఇంటిభాష తెలుగే. మైనారిటీల పైచదువంటే ఉర్దూ ఒక్కటే అనుకుంటే వాళ్లు గడప బయటే ఉండిపోతారు. వాళ్ల కోసం ఉర్దూను అక్షరాల నుంచి నేర్పే ఏడాది కోర్సు వర్సిటీయే నడపొచ్చు.

2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష అయింది, నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్‌లో ఉర్దూ అర్జీ చదవగల అనువాదకులు కావాలి కదా! ఆ పోస్టులు భర్తీ చేయండి. నంద్యాలలో వర్సిటీ అధ్యయన కేంద్రం, బాలికల హాస్టల్ తెరవండి. అడ్మిషన్ల ప్రకటనకు ముందే.