బిగించని మర – చెప్పని మాట

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని పెద్దలు చెబుతారు. అల్పమైనదే కదా అని దేనినీ ఉపేక్షించరాదని దీని భావం. ఈ హితవు విలువ విమానయాన రంగంలో స్పష్టంగా తెలుస్తుంది. విమాన ప్రమాదం అనగానే తుపానులు, పిడుగులు, ఇంజన్ల వైఫల్యాలు మన మనసులో మెదులుతాయి. కాని ఇంజన్లు సక్రమంగా పనిచేస్తుండగానే, విమానపు పైభాగమేదో ఊడిపోవడం వల్ల జరిగిన ప్రమాదాలూ ఉన్నాయి. వాటి మూలాన్ని వెదుకుతూ వెళితే అది ఆకాశంలో గాక నేలమీద, మరమ్మతు శాలలో దొరుకుతుంది.

1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో లారెడో నుంచి హ్యూస్టన్‌కు వస్తున్న కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం ఈగిల్ లేక్ సమీపంలో కూలిపోయింది. అందులోని 14 మందీ మరణించారు. ముందురోజు రాత్రి ఆ విమానపు తోకమీది అడ్డ రెక్కల అంచులకు మంచు పేరుకోకుండా కాపాడే రబ్బరు తొడుగులను మార్చే పని మొదలైంది. అందుకోసం ఎడమవైపు అంచు పైభాగాన ఉన్న 47 స్క్రూలను తీశారు. ఇంతలో షిఫ్టు మారింది. కుడివైపు పని మాత్రమే పూర్తయింది. ఎడమవైపు స్క్రూలు తీసి ఉన్నాయన్న సంగతి తరువాత వచ్చినవారికి చేరలేదు. పని పత్రాలలో సరిగా నమోదు కూడా కాలేదు. ఆ రెక్క తోక శిఖరాన ఉండడం వల్ల దాని పైతలం నేలమీద నిలబడి చూసేవారికి కనిపించదు. మరునాడు విమానం దిగివస్తుండగా గాలి ఒత్తిడికి ఆ అంచు ఊడిపోయింది.

ఇక్కడ లోపించినది పనితనం కాదు, అప్పగింత. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు మన ఇళ్లలో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి అప్పగింతలు పెడతారు. సగంలో ఉన్న పనిని మరొకరి చేతిలో పెట్టేటప్పుడు కూడా అంతటి శ్రద్ధ అవసరం. ఎంత చేశామో చెప్పడం సులభం. ఎంత చేయలేదో చెప్పడమే ముఖ్యం.

అప్పగింతలో లోపం లేకపోయినా, ఒకే వ్యక్తి చేసిన పనిని రెండవ కన్ను చూడకపోవడం కూడా ముప్పు తెస్తుంది. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తున ఉండగా కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. ఆయన శరీరం సగం వరకు వెలుపలికి లాగివేయబడింది. సిబ్బంది ఆయన కాళ్లను గట్టిగా పట్టుకొని ఉండగా, సహ పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో సురక్షితంగా దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బ్రతికారు. ఆ అద్దాన్ని అంతకు 27 గంటల ముందు, రాత్రి విధులలో బిగించారు. దాని 90 బోల్టులలో 84 ఉండవలసిన దానికన్నా సన్ననివి. ఆ తేడా మిల్లీమీటరులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. తక్కిన ఆరూ పొట్టివి. పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో పోల్చి చూశారే గాని, విడిభాగాల పట్టికతో సరిచూడలేదు. సిబ్బంది తక్కువగా ఉన్న ఆ రాత్రి షిఫ్టు అధికారి స్వయంగా ఆ పని చేశాడు. దానిని మరొకరు తనిఖీ చేయాలన్న నియమం అప్పట్లో లేదు.

సాంకేతిక విద్య లేనివారి మాటకు కూడా ఈ విషయంలో విలువ ఉన్నది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో 24,000 అడుగుల ఎత్తున అలోహా ఎయిర్‌లైన్స్ విమానపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఎగిరిపోయింది. ఒక విమాన పరిచారిక మరణించింది. లోహపు పొరలలో పెరుగుతున్న పగుళ్లను సంస్థ తనిఖీలు పసిగట్టలేకపోయాయి. అయితే విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు పగులును చూసిందనీ, ఎవరికీ చెప్పలేదనీ దర్యాప్తులో తెలిసింది.

ఇవన్నీ పాతకాలపు సంగతులని అనుకోరాదు. 2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 మ్యాక్స్ విమానంలో, ద్వారానికి బదులుగా గోడలో అమర్చిన పలక ఊడిపడింది. అదృష్టవశాత్తు 177 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పలకను పట్టి ఉంచవలసిన నాలుగు బోల్టులు అక్కడ లేవు. ఈసారి పొరపాటు జరిగినది మరమ్మతు శాలలో కాదు, తయారుచేసిన కర్మాగారంలోనే. వేరొక మరమ్మతు కోసం పలకను తెరిచారు. తెరిచినట్లు ఎక్కడా వ్రాయలేదు. తెరిచినట్లే తెలియనప్పుడు, సరిగా మూశారో లేదో ఎవరు పరీక్షిస్తారు?

ఇటువంటి సందర్భాలలో వెంటనే వినిపించే ప్రశ్న 'తప్పు ఎవరిది?' అన్నది. ఒక మనిషిని వెదికి, ఉద్యోగం నుంచి తొలగిస్తే న్యాయం జరిగినట్లు తోస్తుంది. కాని అంతటితో ఆగితే భద్రత పెరగదు. అలసట, చీకటి, తొందర, సిబ్బంది కొరత మరునాటి రాత్రి కూడా అలాగే ఉంటాయి. వాటి నడుమ మరొక మనిషి నిలబడతాడు. టెక్సస్ ప్రమాదంపై దర్యాప్తు జరిపిన మండలి సభ్యులలో ఒకరైన జాన్ లాబర్ దీనిని గుర్తించాడు. కార్మికుల లోపంతో పాటు, భద్రతను గౌరవించే పని సంస్కృతిని యాజమాన్యం నెలకొల్పకపోవడాన్ని కూడా ప్రధాన కారణంగా చెప్పాలని ఆయన విడిగా వ్రాశాడు. ఈ అభిప్రాయం సమంజసమైనది.

అయితే తప్పు చేసినవారికి శిక్షే వద్దా అని మీరు అడగవచ్చు. బుద్ధిపూర్వకంగా నియమాన్ని ఉల్లంఘించినవారికీ, చేయని పనిని చేసినట్లు సంతకం పెట్టినవారికీ శిక్ష ఉండవలసిందే. పొరపాటు పడి, దానిని తానే వచ్చి చెప్పినవాని సంగతి వేరు. వానిని శిక్షిస్తే రెండవవాడు నోరు విప్పడు. అమెరికాలో 1976 నుంచి నాసా సంస్థ ఒక నివేదన వ్యవస్థను నడుపుతున్నది. పైలట్లు, మెకానిక్కులు తమ పొరపాట్లను దానికి వ్రాసి పంపవచ్చు. పంపినవారి వివరాలను తొలగించి, ఆ అనుభవాన్ని మాత్రం అందరికీ పాఠంగా అందిస్తారు. భయం పోయినచోట నిజం బయటకు వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోకుండా కాపాడేది ఆ నిజమే.

విద్యార్థులారా! ఇది విమానాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ప్రయోగశాలలో మీకు వచ్చిన విలువ ఒకటి, రావలసిన విలువ మరొకటి అయినప్పుడు మీరు రికార్డులో ఏది వ్రాస్తున్నారు? స్నేహితుని పుస్తకం చూసి సరైన అంకె వేయడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. చేయని పనికి గుర్తు పెట్టే అలవాటు అక్కడే మొదలవుతుంది. మార్కులు తగ్గుతాయన్న భయంతో విద్యార్థి అబద్ధపు అంకె వేస్తున్నాడంటే, ఆ భయాన్ని తొలగించవలసిన బాధ్యత అధ్యాపకులది కూడా. ఫలితం తప్పినా, తప్పిందని నిజాయితీగా వ్రాసిన రికార్డుకు మన కళాశాలలు గౌరవమివ్వాలి.

శంషాబాద్ విమానాశ్రయంలో విమానాల మరమ్మతు కేంద్రమున్నది. అటువంటి చోట రేపు పనిముట్టు పట్టబోయేవారు మీలోనే ఉండవచ్చు. మరికొందరు ఆసుపత్రులలో, విద్యుత్ కేంద్రాలలో పనిచేస్తారు. ఎక్కడ ఉన్నా పని మధ్యలో లేవవలసి వస్తే, ఏది మిగిలిపోయిందో చెప్పి లేవండి. కొత్తగా పని అందుకొనేటప్పుడు ఏది మిగిలిందో అడిగి అందుకోండి. సందేహం కలిగితే పట్టిక తెరిచి చూడండి. పొరపాటు జరిగితే దాచకండి. మీపై ప్రాణాలు నిలుపుకొని ప్రయాణించేవారు మిమ్మల్ని ఎన్నడూ చూడరు. మీరు వ్రాసిన మాటను నమ్మే వారు విమానం ఎక్కుతారు.