సేవ సరే, కుర్చీ ఎవరిది?

ఎదుగుదల లేని బిడ్డను కన్న తల్లికి ఊరు రెండు మాటలు చెప్తది. ఒకటి, అది పోయిన జన్మ పాపం. రెండు, పట్నంలో ఏదో సంస్థ ఉన్నదట, ఆడ చేర్పించు. మొదటి మాట అబద్ధమని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాపపుణ్యాల లెక్క చెప్పి మనల్ని ఊరవతల పెట్టినోళ్ళే ఆ బిడ్డను ఇంటి మూలకు పెట్టిండ్రు. రెండో మాట గురించే ఈసారి మాట్లాడుకోవాలె. ఆ సంస్థ ఎవరిది? దాని పెద్ద కుర్చీలో ఎవరు కూసున్నరు? కూసున్న మనిషి ఎవరికి జవాబుదారీ?

సేవను మనం కాదనడం లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను పెట్టింది. దేశమంతటా ప్రత్యేక బడుల్లో పనిచేసే టీచర్లకు శిక్షణ ఇచ్చిన చోటు అది. అన్నం కలుపుకొని తినడం, గుండీ పెట్టుకోవడం, రూపాయి బిళ్ళను గుర్తుపట్టడం వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఓపికతో నేర్పితే పిల్లలు నేర్చుకుంటరని అక్కడ పనిచేసినోళ్ళు చూపించిండ్రు. ఇది చిన్న పని కాదు. మరి ఆ విద్య కల్వకుర్తి దాకా ఎంత వచ్చింది? ఇక్కడ బస్సెక్కి, పట్నంలో దిగి, మల్ల బస్సు మారి బోయినపల్లికి పోవాలె. నడవలేని పదేండ్ల పిల్లగాడిని సంకనేసుకొని పోవాలె. తల్లి కూలి పోతది, తోడు వచ్చినోళ్ళ కూలి పోతది. వారం వారం రమ్మంటే ఎవరు పోగలరు? మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టిండ్రు, మంచిదే. అవి బడి ఈడు పిల్లలకు. ఆ ఈడు దాటినంక?

డైరెక్టరు అంటే తాళాలు దగ్గర పెట్టుకునే మనిషి అని మనోళ్ళు అనుకుంటరు. కాదు. కొత్త కేంద్రం పట్నంలోనే పెట్టాల్నా, అచ్చంపేటలో పెట్టాల్నా అన్నది ఆ కుర్చీలో తేలుతది. వచ్చిన గ్రాంటుతో పాలరాయి వరండా కట్టాల్నా, పిల్లల్ని కడిగి తుడిచే ఆయమ్మకు జీతం పెంచాల్నా అన్నది అక్కడే తేలుతది. పద్దెనిమిదేండ్లు నిండినోళ్ళను ఇంటికి పంపాల్నా, పని నేర్పి కూలి ఇప్పించాల్నా, కొట్టిన వార్డెనును తీసేయాల్నా, కాపాడాల్నా, అంతా అక్కడే. కింద ఉన్న ఫిజియోథెరపిస్టు ఎంత మంచోడైనా, పై నుంచి హుకుం రానిది ఊరికి జీపు కదలదు.

పాలమూరు సంగతే తీసుకోండి. వానలు లేక, భూమి లేక మనోళ్ళు బొంబాయికి, పుణెకు మట్టిపనికి పోయిండ్రు. తరాల తరబడి పోయిండ్రు. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఒక పేరు. అట్ల పోయేటప్పుడు మతి ఎదగని బిడ్డను ఏం చేయాలె? ముసలవ్వకు అప్పజెప్పాలె. ఆమె చేతగాక మంచం కోడుకు కట్టేస్తది. లేదా వెంట తీసుకపోయి కంకర కుప్ప పక్కన పడుకోబెట్టాలె. వలస పోయిన తల్లి ఒక్కతి ఆ సంస్థ కమిటీలో కూసుంటే మొదటి మీటింగులోనే అడుగుతది: "సారూ, వలస నెలల్లో మా పిల్లలను ఉంచుకునే హాస్టలు ఎందుకు లేదు?" ఈ ప్రశ్న పుట్టాలంటే పీహెచ్‌డీ అక్కర్లేదు, ఆ మంచం కోడు చూసి ఉండాలె. కమిటీల్లో రిటైరైన ఆఫీసర్లు ఉంటరు, డాక్టర్లు ఉంటరు, చందా ఇచ్చే షావుకారు ఉంటడు. దాతకు పంపే ఫోటోలో మన పిల్లగాడు ఉంటడు, తీర్మానాల పుస్తకంలో మన వేలిముద్ర ఉండదు.

ఈ వరస మనకు కొత్త కాదు. 1932లో గాంధీ పూనికతో పుట్టిన హరిజన సేవక సంఘం గుర్తున్నది గదా! సేవ అంటరానోళ్ళకు, పెత్తనం సవర్ణులది. ఎందుకని అడిగితే, ఇది సవర్ణులు తీర్చుకోవలసిన అప్పు, ప్రాయశ్చిత్తం వాళ్ళే చేసుకోవాలె అన్నరు. ఆ సంఘం ఎట్ల నడిచిందో అంబేద్కర్ 1945లో పుస్తకం రాసి విప్పి చూపించిండు. పేరు పెట్టే పద్ధతి కూడా అదే. అప్పుడు మనల్ని దేవుని బిడ్డలన్నరు. 2015 డిసెంబరులో ప్రధాని వికలాంగులను దివ్యాంగులని పిలవాలన్నడు. ఆ మాట వద్దని వికలాంగుల సంఘాలు మొత్తుకున్నా సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. దేవుని పేరు పెట్టినోడు కుర్చీ మాత్రం ఇయ్యడు.

ఇక్కడ ఒక మాట. కల్వకుర్తి నియోజకవర్గం వికలాంగుడికి పట్టం కట్టలేదని ఎవరూ అనలేరు. పసితనంలోనే పోలియో వచ్చి, కర్రల మీద నడిచిన జైపాల్ రెడ్డిని 1969 నుంచి 1984 దాకా ఈ గడ్డే అసెంబ్లీకి పంపింది. ఆయన కేంద్రమంత్రి అయిండు, పార్లమెంటులో ఆయన లేస్తే సభ చెవులు రిక్కించేది. కాలు లేకపోవడం నాయకత్వానికి అడ్డం కాదని తేలిపోయింది. అయితే ఆయన వెనుక భూమి ఉన్నది, చదువు ఉన్నది, రెడ్డి కులం ఉన్నది. భూమీ చదువూ లేని మాదిగ ఇంట్లో, మాట కూడా సరిగ్గ రాని బిడ్డ పుడితే ఆ బిడ్డ తరఫున ఎవరు లేస్తరు?

ఈ ప్రశ్నకు చట్టంలో కొంత జవాబున్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నోళ్ళ కోసం 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. దాని బోర్డులో రిజిస్టరైన సంస్థల నుంచి తొమ్మిది మంది ఉండాలె. ముగ్గురు స్వచ్ఛంద సంస్థల నుంచి, ముగ్గురు తల్లిదండ్రుల సంఘాల నుంచి, ముగ్గురు వికలాంగుల సొంత సంఘాల నుంచి. అంటే తొమ్మిదిలో ఆరు సీట్లు ఆ బాధ పడేటోళ్ళవి. కార్యనిర్వహణాధికారిని మాత్రం కేంద్ర ప్రభుత్వమే పెడుతది. 2005 నుంచి కొన్నేండ్లు ఆ ట్రస్టు అధ్యక్షురాలిగా పనిచేసిన పూనం నటరాజన్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొడుకును పెంచిన తల్లి. మద్రాసులో విద్యాసాగర్ సంస్థను నిలబెట్టిన మనిషి. తల్లి కుర్చీలో కూసుంటే సంస్థ కూలిపోలేదు.

కూసోవడానికి వాళ్ళకు తెలివి ఉండాలె గదా అని కొందరు నవ్వుతరు. మనం ఓటు అడిగినప్పుడు, సర్పంచి సీటు అడిగినప్పుడు కూడా ఇదే నవ్వు నవ్విండ్రు. అమెరికాలో చెవిటివాళ్ళ కోసం నడిచే గాలోడెట్ విశ్వవిద్యాలయానికి 124 ఏండ్ల పాటు చెవులు వినబడేటోళ్ళే అధ్యక్షులు. 1988 మార్చిలో మల్ల అట్లాంటి ఆమెనే పెడితే విద్యార్థులు గేట్లు మూసిండ్రు. వారం తిరగకముందే ఆమె దిగిపోయింది, కింగ్ జోర్డాన్ అనే చెవిటి ఆచార్యుడు ఎక్కిండు. వాళ్ళు చదువుకున్నోళ్ళు గదా అంటరా? అదే దేశంలో, ఒరెగాన్ రాష్ట్రంలో, 1974లో మేధో వైకల్యం ఉన్న మనుషులే కలిసి పీపుల్ ఫస్ట్ అని సంఘం పెట్టుకున్నరు. మమ్మల్ని ముందు మనుషులుగ చూడమన్నదే ఆ పేరు. అన్ని ఫైళ్ళూ చదవలేకపోవచ్చు. ఈ హాస్టల్లో నన్ను కొడుతున్నరు, ఈ కూర నాకొద్దు, నాకు పని కావాలె అని చెప్పడానికి ఫైలు అక్కర్లేదు. మాట రానోళ్ళు బొమ్మ చూపించి చెప్తరు, సైగ చేసి చెప్తరు. వినే ఓపిక కుర్చీకి ఉండాలె.

ఇంకో చిక్కు కూడా దాచుకోవద్దు. మహబూబ్‌నగర్ జిల్లాలో 2000 తర్వాత వెలుగు పథకం కింద వికలాంగుల సంఘాలు, మండల సమాఖ్యలు కట్టిండ్రు. దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితిని నిలబెట్టిండు. 2014లో తెలంగాణలో 1500 అయిన వికలాంగుల పింఛను 2019లో 3016, 2023లో 4016 అయింది. రోడ్డెక్కకుంటే ఇది వచ్చేది కాదు. అయితే ఈ సంఘాల మైకు దగ్గరికి కాలు లేనోళ్ళు వస్తరు, చూపు లేనోళ్ళు వస్తరు. బుద్ధి ఎదగనోళ్ళు, వాళ్ళ తల్లులు వెనుక వరసలో ఉంటరు. తల్లిదండ్రుల సంఘం పెట్టినా, కారులో వచ్చే తండ్రే అధ్యక్షుడవుతడు. సంఘంలో సంఘం కట్టక తప్పదు.

ఎందుకింత పట్టు పట్టాలంటే, ముందర ఒక పెద్ద భయం ఉన్నది. మేం పోయినంక ఈ బిడ్డ గతేంది? ఆ బిడ్డ పేరు మీద ఎకరం భూమో, పింఛనో ఉంటే దానికి ఎవరు కావలి? పద్దెనిమిదేండ్లు దాటిన వాళ్ళకు సంరక్షకుణ్ణి పెట్టే అధికారం 1999 చట్టం జిల్లాలోని స్థానిక కమిటీకి ఇచ్చింది. అందులో ముగ్గురు: కలెక్టరు స్థాయి అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు. సంరక్షకుడైనోడు ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇయ్యాలె, ఏడాదికోసారి లెక్క చెప్పాలె. తిన్నా, కొట్టినా తొలగించొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కి, సంరక్షకుడు ఆ మనిషిని అడిగి, కలిసి నిర్ణయం చేయాలన్నది. ఇదంతా నడిచేది ఆ ముగ్గురి కుర్చీల మీదనే. సంస్థ ప్రతినిధి పేరు మీద ఎవరు కూసున్నరో మనకు తెలియకుంటే మన బిడ్డ భూమికి కావలి ఎవరో కూడా తెలియదు.

కాబట్టి నాగర్‌కర్నూలు జిల్లాలోని కల్వకుర్తి, వెల్దండ, రంగారెడ్డి జిల్లాలోని ఆమనగల్లు, మాడ్గుల అంతటా ఇట్లాంటి బిడ్డలున్న ఇండ్లను వాడవాడకు తిరిగి రాసుకోవాలె. ఏ కులమైనా సరే, తల్లులను కూసోబెట్టి సంఘం కట్టాలె. అధ్యక్షురాలు కూలిపోయే తల్లే కావాలె. పిల్లల్లో మాట్లాడగలిగినోళ్ళకు కమిటీలో సీటు ఉండాలె. సొసైటీగా రిజిస్టరైతే, ఆపైన నేషనల్ ట్రస్టులో కూడా నమోదు కావచ్చు. అప్పుడు జిల్లా కమిటీలో సీటు అడిగే హక్కు మనదే.

ఉన్న సంస్థల సంగతి కూడా తెలుసుకోవాలె. ప్రతి సొసైటీ కమిటీ పేర్లు రిజిస్ట్రారు దగ్గర ఉంటయి. సర్కారు సొమ్ముతో ఎక్కువ మేరకు నడిచే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు కిందికి వస్తయని 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి గ్రాంటు ఎంత, జీతాలు ఎంత, పిల్లల మీద ఖర్చు ఎంత, కమిటీలో తల్లులు ఎందరు, ఎస్సీ ఎస్టీ ఎందరు అని రాసి అడగొచ్చు. కలెక్టరాఫీసులోనూ ఒక కాగితం ఇయ్యాలె: స్థానిక కమిటీ సభ్యులు ఎవరు, మూడు నెలలకోసారి కూసోవాలని చట్టం చెప్తున్నది గదా, పోయిన ఏడాది ఎన్నిసార్లు కూసున్నరు? తెల్లకాగితం మీద రాసినా చాలు. నకలు మీద ఆఫీసు ముద్ర, తారీఖు వేయించుకొని సదరం సర్టిఫికెట్‌తో పాటు పెట్టెల దాచుకోండి.