బగ్గీ ఎవరు ఎక్కాలి?

గోల్ఫ్ ఆట గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాస్తున్నానని చెప్పగానే ఓ మిత్రురాలు నవ్వింది. నవ్వటంలో తప్పులేదు. ఏలూరులోగానీ తాడేపల్లిగూడెంలోగానీ గోల్ఫ్ ఆడే ఆడవాళ్ళని నేనూ చూడలేదు. ఆ ఆట చూడాలంటే విశాఖపట్నమో హైదరాబాదో పోవాలి. కానీ గోల్ఫ్ మైదానంలో తిరిగే బండి మనకి తెలియనిదేమీ కాదు. పెద్ద రైల్వే స్టేషన్లలో, కొన్ని గుళ్ళ దగ్గర, విశాలమైన కాలేజీ ఆవరణల్లో చప్పుడు లేకుండా తిరిగే తలుపుల్లేని బ్యాటరీ కారు ఆ గోల్ఫ్ బగ్గీకి స్వయానా చెల్లెలు. ఆ బండి ఎవరికోసం, ముందు ఎవరు ఎక్కాలి, అది ఎవరు తేల్చాలి అన్న తగాదా అక్కడా ఇక్కడా ఒకటే. ఆ తగాదాలో నేను తప్పు చేసిన పక్షాన వున్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

రెండేళ్ళ కిందట తాడేపల్లిగూడెం దగ్గర ఓ పెద్ద ఆవరణలో మేం కొందరం కలిసి రెండు రోజుల సదస్సు పెట్టుకున్నాం. చర్చాంశం, చిత్రమేమిటంటే, బహిరంగ స్థలాల్లో స్త్రీల హక్కులు. గేటు నించి హాలు అరకిలోమీటరు పైనే వుంటుంది. ఆవరణ వాళ్ళు ఓ బగ్గీని, డ్రైవర్ని ఇచ్చారు. సంతోషించాం. అది ఎవరికోసమో మాత్రం ఎవరం ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ పొద్దుట బగ్గీలో వచ్చినవాళ్ళు వక్తలు, వాళ్ళ పూలగుచ్ఛాలు, భోజనాల క్యారియర్లు, ఒకసారి నేను. కొల్లేరు లంక గ్రామం నించి వచ్చిన ఒకామె, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిన మనిషి, చేతికర్రతో ఆ దూరమంతా నడిచి వచ్చింది. బస్సు కోసం తెల్లవారుజామున బయల్దేరిన మనిషి. హాల్లోకి వచ్చేసరికి మొదటి ఉపన్యాసం సగం అయిపోయింది.

“బండి వుందిగా, ఎందుకు ఎక్కలేదు?” అని అడిగాను. “ఎక్కమని ఎవరూ అనలేదండి. ఎక్కాక దిగమంటారేమోనని” అంది.

ఎవరూ ఆమెని దిగమని వుండేవాళ్ళు కాదు, ఆ మాట నిజమే. కానీ అది మాకు తెలుసు, ఆమెకి తెలియదు. ఎవరికోసమో రాయని సౌకర్యం ఎప్పుడూ అడగటానికి మొహమాటపడనివాళ్ళకే అందుతుంది. రేషను కార్డు దగ్గర, పించను దగ్గర ఇరవయ్యేళ్ళుగా మనం చెప్తున్న మాటే ఇది. బగ్గీ దగ్గర మాత్రం మర్చిపోయాం.

ఇక గోల్ఫ్ సంగతి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో 1972లో పుట్టిన కేసీ మార్టిన్‌కి కుడికాలిలో రక్తప్రసరణ సరిగా జరగని అరుదైన జబ్బు పుట్టుకతోనే వుంది. ఎక్కువ దూరం నడిస్తే నొప్పి, రక్తస్రావం, ఎముక విరిగి కాలే తీసెయ్యాల్సి వచ్చే ప్రమాదం. మంచి ఆటగాడు. వృత్తిపోటీల్లోకి రాబోతే పీజీఏ టూర్ సంస్థ నియమం అడ్డొచ్చింది: ఆటగాడు మైదానమంతా నడవాలి, బగ్గీ ఎక్కకూడదు. అదే సంస్థ పెద్దవయసు ఆటగాళ్ళ పోటీల్లో బగ్గీకి అనుమతించేది. వికలాంగుల హక్కుల కోసం అమెరికా 1990లో చేసుకున్న చట్టం కింద 1997లో మార్టిన్ కోర్టుకెక్కాడు. 1998లో గెలిచాడు. సంస్థ పై కోర్టుకి, ఆ పై కోర్టుకి వెళ్ళింది. 2001 మే 29న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా అతని పక్షాన తీర్పిచ్చింది.

సంస్థ వాదన వినటానికి బాగానే వుంటుంది. నడక వల్ల వచ్చే అలసట కూడా ఆటలో భాగమే, ఒకడికి ఆ అలసట తప్పిస్తే మిగతావాళ్ళకి అన్యాయం అని. ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లస్ లాంటి మహామహులు ఆ పక్షాన సాక్ష్యమిచ్చారు. కోర్టు మాత్రం లెక్క చూసింది. ఐదు గంటల్లో నడిచేది సుమారు ఐదు మైళ్ళు, ఖర్చయ్యేది 500 కేలరీలు. బగ్గీ వున్నా మార్టిన్ ఇంకా మైలు పైన నడవాల్సిందే. ఆ మైలుకి అతను పడే అలసట, బాధ మిగతావాళ్ళు ఐదు మైళ్ళకి పడేదానికంటే ఎక్కువ. ఇక అతనికి అదనపు లాభమేముంది? గోల్ఫ్ అంటే బంతిని కొట్టటం, నడవటం కాదు అంది కోర్టు. వ్యతిరేకించిన ఇద్దరిలో జస్టిస్ స్కాలియా, ఆట నియమాలన్నీ మనుషులు తోచినట్టు పెట్టుకున్నవే, అందులో ఏది ముఖ్యమో న్యాయమూర్తులు ఎలా తేలుస్తారని వాదించాడు. నాకా వాదన తిరగేసి చదవాలనిపిస్తుంది. మనుషులు పెట్టుకున్నవే కదా, మరి మనుషులు మార్చుకోలేరా?

ఇదే ఆటలో పేరున్న జాన్ డాలీకి 2019లో మోకాలి కీళ్ళవాతం వల్ల ఒక పెద్ద పోటీలో బగ్గీకి అనుమతి దొరికింది. అదే ఏడు బ్రిటన్‌లో జరిగిన ఓపెన్ పోటీలో దొరకలేదు. మోకాలు ఒకటే, నియమం రాసేవాళ్ళు వేరు. అప్పుడు టైగర్ ఉడ్స్‌ని అడిగితే, తను విరిగిన కాలితో నడిచి ఆడానన్నట్టు జవాబిచ్చాడు. అబద్ధం కాదు, 2008లో అలాగే ఆడాడు. కానీ ఆ మాట వినగానే నాకు గోల్ఫ్ గుర్తు రాలేదు, మన ఇళ్ళల్లోని అత్తగార్లు గుర్తొచ్చారు. “మేం పడలేదా? నెలలు నిండేదాకా బావి నీళ్ళు తోడలేదా?” మనం పడ్డ బాధ పక్కవాళ్ళు కూడా పడితే తప్ప న్యాయం జరిగినట్టు కాదనే ఈ లెక్క కోడళ్ళందరికీ తెలిసిందే. ఇదే లెక్క ఉద్యమాల్లో కూడా వినపడుతుంది. జెండా పట్టుకుని మైళ్ళు నడిచామని చెప్పుకునే మనం, నడవలేని స్త్రీకి ఆ ఊరేగింపులో చోటెక్కడుందో ఎన్నిసార్లు అడిగాం?

(పనిలో పనిగా ఒక మాట. గోల్ఫ్‌కి నియమాలు రాసి ప్రపంచానికిచ్చిన సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 1754లో పుట్టింది. ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వటానికి ఒప్పుకున్నది 2014లో. ఆట స్వభావం అనే మాట ఎవరు వాడినా ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోవటం మంచిది.)

మార్టిన్ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది తీర్పు కాదు, రుజువు. మేజోడు తీసేసి వాచిన కాలుని వీడియోలో కోర్టుకి చూపించాల్సి వచ్చింది. మగవాడు, చదువుకున్నవాడు, లాయర్లున్నవాడు. అయినా అంత దాకా పోవాల్సి వచ్చింది. ఇప్పుడు మన వైపు బ్యాటరీ కారు దగ్గర నిలబడ్డ ఒక నడివయసు స్త్రీని ఊహించండి. గర్భసంచి జారిందని, సికిల్ సెల్ వల్ల కీళ్ళు మెలిపెడుతున్నాయని, మొన్ననే ఆపరేషన్ అయిందని ఆ డ్రైవరుకి, వెనక వరుసలో వున్న పదిమందికీ చెప్పుకోవాలా? “బాగానే వున్నావుగా, నడువమ్మా” అన్న మాట నేను చెవులారా విన్నాను. ఆమె తలొంచుకుని నడిచింది. కర్ర వున్నవాళ్ళ వైకల్యం కనిపిస్తుంది, ఆడవాళ్ళ వైకల్యంలో చాలా భాగం చీర కింద వుంటుంది.

సర్టిఫికెట్ చూపించమంటే సరిపోతుందిగా అనేవాళ్ళున్నారు. మన రాష్ట్రంలో సదరం శిబిరానికి పోయి, శాతం వేయించుకుని, ఆ కాగితం తెచ్చుకోవటం ఎంత పనో క్షేత్రంలో పనిచేసే మీకు నేను చెప్పక్కర్లేదు. పింఛనుకి శాతం కావాలి, సరే. అరకిలోమీటరు బండి ఎక్కటానికి కూడా శాతం కావాలా? 2021లో వికాస్ కుమార్ కేసులో మన సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది. చేతిరాత కుదరని జబ్బున్న అభ్యర్థికి, నలభై శాతం సర్టిఫికెట్ లేదన్న కారణంతో పరీక్షలో రాసిపెట్టే సహాయకుణ్ణి నిరాకరించటం చెల్లదంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాడిన మాట సహేతుకమైన సర్దుబాటు. అది నిరాకరించటమే వివక్ష అని చట్టం నిర్వచనంలోనే వుంది. సర్దుబాటు అన్న మాట చూసి నేను కాసేపు ఆగిపోయాను. పుట్టింటి నించి అత్తింటి దాకా మనకి సర్దుకుపొమ్మనే కదా చెప్పారు. ఇక్కడ చట్టం ఆ మాటని తిప్పి, సర్దుకోవాల్సింది సంస్థ, మనిషి కాదంటోంది. అందుకే నాకు దివ్యాంగులన్న కొత్త పేరు కంటే పాత చట్టం మాటలే మేలనిపిస్తాయి. దేవతల్ని చేస్తే ఏమవుతుందో ఆడవాళ్ళం చూశాంగా. దేవత హారతి పుచ్చుకోవాలి గానీ బండి అడక్కూడదు.

అయితే బండ్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఈ చిక్కు నిజమైనది, దాన్ని హక్కు అన్న ఒక్క మాటతో దాటెయ్యలేం. ఒకటే బగ్గీ, ముగ్గురు నిలబడ్డారు, ఎవరు ముందు? గోల్ఫ్ క్లబ్బుల్లోనూ ఇదే తలనొప్పి. నడవలేనివాళ్ళకి ముందు కేటాయించి మిగిలితే అద్దెకివ్వాలా, ముందు అడిగినవాళ్ళకే ఇవ్వాలా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బండి లేకపోతే అసలు రాలేనివాళ్ళు ముందు. బండి లేకపోతే కష్టంగా వచ్చేవాళ్ళు తర్వాత. బండి వుంటే సుఖంగా వచ్చేవాళ్ళు, అంటే అతిథులూ వక్తలూ నేనూ, ఖాళీ వుంటేనే. ఆ వరస బండి మీదే తెలుగులో పెద్దక్షరాలతో రాసి వుండాలి. నాకు అవసరం అని మనిషి చెప్తే నమ్మాలి. ఎవరో ఒకరిద్దరు అబద్ధమాడి ఎక్కుతారు, ఎక్కనివ్వండి. వాళ్ళని పట్టుకోవటానికి వందమంది చేత చీర కింద సంగతులు చెప్పించటం కంటే అది చవక. తోడు వచ్చిన తల్లికో కూతురికో కూడా సీటు వుండాలి. వికలాంగ స్త్రీల వెనక నడిచి అలిసేది ఎక్కువగా ఇంకో స్త్రీయే, ఆమె శ్రమ ఏ లెక్కలోకీ రాదు. ఇక డ్రైవరు. నిర్ణయం అతని మీద పడేసి, జీతం తక్కువిచ్చి, తర్వాత అతన్నే తిట్టటం అన్యాయం. అతనికి నియమం ఇవ్వండి, విచక్షణ కాదు.

సొంత బండి ఇస్తే ఈ వరసలెందుకని అడగొచ్చు. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం నియోజకవర్గానికి పది చొప్పున 1750 మూడుచక్రాల మోటారు బండ్లు ఇస్తామంది. మంచి పనే. అర్హతలు చూస్తే డెబ్బై శాతం వైకల్యం, 18 నించి 45 ఏళ్ళ లోపు వయసు, పదో తరగతి పాసు, డ్రైవింగ్ లైసెన్సు. లంక గ్రామాల్లో పది పాసై లైసెన్సు చేతిలో వున్న వికలాంగ స్త్రీని నేనింకా కలవాలి. నలభై ఆరేళ్ళు నిండితే కాళ్ళు రావుగా! బండి వచ్చినా అది నడవాల్సింది కొల్లేటి గట్ల మీద. గోల్ఫ్ క్లబ్బుల్లో నేల తడిసినప్పుడు పచ్చిక పాడవుతుందని బగ్గీలు ఆపేస్తారు, దాంతో ఆ రోజు ఇంట్లో వుండిపోయేది నడవలేని ఆటగాడొక్కడే. మా వైపు వానాకాలమంతా ఆ రోజే. నల్లమట్టి చక్రాన్ని పట్టుకుంటే వదలదు. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా కాదు, తప్పనిసరిగా పాటించాల్సినవిగా వుండాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఏలూరు కలెక్టరేటు మెట్ల దాకానా, లంక గట్టు దాకానా అని మనం అడగాలి.

పోయిన డిసెంబరులో మళ్ళీ అక్కడే సదస్సు పెట్టాం. ఈసారి ఆహ్వానపత్రం మీదే రాశాం: గేటు దగ్గర బండి వుంటుంది, నడక కష్టమైనవాళ్ళకి ముందు, కారణం చెప్పక్కర్లేదు, తోడు వచ్చినవాళ్ళు కూడా ఎక్కొచ్చు. వక్తలిద్దరు నడిచారు, ఒకాయన కాస్త నొచ్చుకున్నాడు. లంక గ్రామం నించి ఆమె ముందు రోజు ఫోన్ చేసింది. బండి సంగతి చదివించుకుందట. “వాన పడినా వస్తదాండి?” అని అడిగింది. గేటు నించి మలుపు దాకా వున్నది మట్టిదారే. కనుక్కుని చెప్తానన్నాను. ఆ మర్నాడు వాన పడలేదు. ఆవరణ వాళ్ళకి కంకర గురించి ఉత్తరం రాశాం, జవాబు కోసం చూస్తున్నాం.