ముందు నిదానము, పిదప మందు
(ఉదర, మూత్రపిండ వ్యాధుల విషయమై ఒక వృద్ధ వైద్యుని మనవి)

మా కర్నూలు, కడప ప్రాంతాలలో ఎండలు ముదిరినవంటే నా వైద్యశాల అరుగు మీద కూర్చున్నవారిలో చాలామంది నడుముకో పొత్తికడుపుకో చేయి ఆనించుకొని కనిపిస్తారు. ‘గ్యాసు సామీ’ అని ఒకరు, ‘రాయి ఉన్నట్టుంది సామీ’ అని ఇంకొకరు, ‘పిల్లోనికి దిష్టి తగిలి కడుపు పట్టేసింది’ అని మరొక తల్లి. రోగానికి పేరు ఇంటివద్దనే పెట్టుకొని వస్తారు. నన్ను అడిగేది మందు మాత్రమే.

మన శాస్త్రంలో ‘నిదానం’ అనగా రోగకారణాన్ని, రోగస్వరూపాన్ని నిర్ణయించడం. మన తెలుగువాడుకలో ‘నిదానం’ అనగా తొందరపడకపోవడం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉండడం మన అదృష్టమని నేను భావిస్తాను. ఎందుకనగా ఉదర, మూత్రపిండ వ్యాధులలో నేను చూచిన అనర్థాలలో ఎక్కువ భాగం మందు దొరకక కలిగినవి కావు; నిదానం లేక కలిగినవి.

మన నేల, మన నీరు

రాయలసీమ వానకు మొగము వాచిన నేల. ఏడాది మొత్తానికి ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడితే మాకు మంచి సంవత్సరమే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల గనులలో పనిచేసేవారు, కె.సి. కాలువ కింద నాట్లు వేసే స్త్రీలు, మిరపచేలలో కాయలు కోసే కూలీలు చెమట రూపంలో పోగొట్టుకొనే నీటిలో సగమైనా తిరిగి త్రాగరు. దేహంలో నీరు తగ్గినప్పుడు మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో లవణాలు పేరుకొని ఇసుక అవుతాయి, ఇసుక రాయి అవుతుంది. అశ్మరికి ఇదియే మొదటి మెట్టు.

దీనికి తోడు మరొక కారణమున్నది. దానిని గూర్చి ఎవరూ బాహాటంగా మాట్లాడరు. మరుగుదొడ్డి సరిగా లేదని బడికి వెళ్ళే ఆడపిల్లలు ఉదయం నుండి సాయంత్రం దాకా నీళ్ళు త్రాగరు, వచ్చిన మూత్రాన్ని ఆపుకొంటారు. బస్సు ప్రయాణాలలో స్త్రీలదీ అదే స్థితి. ఆపరాని వేగాలను చరకుడు పదమూడింటిని లెక్కించి, అందులో మూత్రవేగాన్ని మొట్టమొదట పేర్కొన్నాడు. మూత్రమార్గపు మంట, చలిజ్వరం, మాటిమాటికీ వచ్చే కడుపునొప్పి చాలామంది బాలికలలో ఇక్కడినుండే మొదలవుతాయి. వారికి నేను ఇచ్చే చూర్ణం కన్న వారి బడిలో నీళ్ళున్న మరుగుదొడ్డి మేలైన ఔషధం.

ఇక ‘మా బోరునీళ్ళు ఉప్పన, అందులో సున్నం ఉన్నది, అందుకే రాళ్ళు’ అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. నీటి కాఠిన్యం కన్న నీరు చాలకపోవడమే పెద్ద దోషం. సున్నానికి భయపడి పాలు, పెరుగు, మజ్జిగ మానివేసేవారున్నారు. ఇది విపరీతం. ఆహారంలోని సున్నపు ధాతువు ప్రేగులలోనే ఆక్సలేటును పట్టి బయటకు పంపుతుంది. దానిని మానినచో ఆక్సలేటు రక్తంలో చేరి, మూత్రంలోకి దిగి, రాయికే సాయపడుతుంది. తగ్గించవలసినది మజ్జిగను కాదు, ఊరగాయలోని ఉప్పును.

నోరులేని పసివారి కడుపు

పెద్దవారు ‘ఇక్కడ నొప్పి’ అని చూపగలరు. పసిబిడ్డ ఏడుపు ఒక్కటే భాష. కాశ్యపసంహితలో ఇందుకోసమే వేదనాధ్యాయమని ఒక అధ్యాయమున్నది. కడుపు శూల ఉన్న బిడ్డ చన్ను విడిచి ఏడుస్తుందని, పొట్ట బిగుసుకొంటుందని, ముఖాన చెమట పడుతుందని ఆ మహర్షి గుర్తులు చెప్పాడు. ఏడ్చే బిడ్డను అంత ఓపికగా చూచినవారు మన పూర్వులు. మనమో, బిడ్డ ఏడ్చిన వెంటనే ఆముదం సీసా తీస్తున్నాము.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనక తప్పదు. నేను వైద్యం ఆరంభించిన తొలి సంవత్సరాలలో తొమ్మిదేండ్ల బాలుని తీసుకొని వచ్చారు. రెండు రాత్రులు ఇంటిలో ఆముదం పట్టారు. నాడి చూచి, నాలుక చూచి, అజీర్ణమని నిశ్చయించి హింగ్వాష్టక చూర్ణమిచ్చాను. పొట్టపై కుడివైపు క్రింద వ్రేలుంచి అదిమి చూడలేదు. సాయంత్రానికి నొప్పి ఒక్కసారిగా తగ్గినది. తల్లి నాకు చేతులు జోడించినది, నేనూ సంతోషించాను. అర్ధరాత్రికి బాలుని పొట్ట పలకవలె బిగిసినది. ఉండుకం చిట్లినది. పట్నపు ఆసుపత్రిలో కోసి, కడిగి, బాలుని నెల దినాలకు నిలబెట్టారు. ఈ సంగతి గురువుగారికి విన్నవించినప్పుడు ఆయన కోపించలేదు. ‘నొప్పి తగ్గినదని చూచినావు, రోగం తగ్గినదా అని చూడలేదు’ అన్నారు. ఆ మాట నేటికీ నా చెవిలో ఉన్నది.

కావున తల్లులకు నా విన్నపం: బిడ్డ పచ్చని పసరు వాంతి చేసుకొన్నా, విరేచనంలో రక్తం, జిగురు కలిసి పడినా, పొట్ట ఉబ్బి మలం, అపానవాయువు రెండూ ఆగినా, నొప్పి కుడివైపు క్రిందికి దిగి జ్వరం తోడైనా, అది ఇంటి వైద్యానికీ నా వైద్యానికీ లొంగేది కాదు. ఆముదం వద్దు, పొట్టపై కాపడం వద్దు, వాతలు పెట్టడం ఎంతమాత్రమూ వద్దు. ఆ గంటలోనే శస్త్రవైద్యుని వద్దకు చేర్చండి.

ఉదయం లేవగానే బిడ్డ కన్నుల క్రింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ళ వాపు, మూత్రంలో ఆరని నురుగు కనిపిస్తే దానిని ‘ఉబ్బు కామెర్లు’ అని పసరు పోయించడానికి తీసుకొని పోతారు. అది కామెర్లు కాదు. మూత్రపిండాల జల్లెడ చెడి మాంసకృత్తులు మూత్రంలో పోవడం. మూత్రాన్ని పరీక్షిస్తే తేలిపోయే సంగతి. బాలలలో సకాలంలో చికిత్స జరిగితే ఎక్కువమంది కోలుకొంటారు. అలాగే మగబిడ్డ మూత్రధార దూరంగా పడక బొట్లుబొట్లుగా పడుతున్నచో, పుట్టుకతో మార్గంలో అడ్డు ఉండవచ్చును. ‘పెరిగితే సర్దుకొంటుంది’ అని ఉపేక్షించినచో పెరిగేది బిడ్డ మాత్రమే కాదు, మూత్రపిండాల హాని కూడా.

పెద్దలలో ‘గ్యాసు’ అనే ముసుగు

నలభై దాటినవారికి, ముఖ్యంగా మధుమేహులకు, రొమ్ము క్రింద బరువు, చెమట, ఆయాసం కలిగితే అది గ్యాసు కాకపోవచ్చును, గుండె నొప్పి కావచ్చును. సోడా త్రాగి నిద్రపోయి మరునాడు లేవనివారున్నారు.

నడుము నుండి గజ్జలోనికి దిగే నొప్పి, మూత్రంలో ఎరుపు, వాంతి అశ్మరి లక్షణాలు. రాయి 5 మిల్లీమీటర్ల లోపుగా ఉంటే చాలామందిలో తానై పడిపోతుంది. 10 మిల్లీమీటర్లు దాటినది తానై పడడం అరుదు. మన కషాయాలకు పేరు తెచ్చినవి చాలావరకు ఆ చిన్న రాళ్ళే అని ఒప్పుకొనడానికి మేము సిగ్గుపడనక్కరలేదు. అయితే రాయితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగినా అది ఆనాడే ఆసుపత్రికి పోవలసిన స్థితి.

కీళ్ళనొప్పికి, నడుమునొప్పికి అంగడిలో చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగే బిళ్ళలు మూత్రపిండాలకు మౌనశత్రువులు. ఎండలో ఎండిన దేహానికి అవి మరింత హాని చేస్తాయి.

నా తోటివారికి ఒక మాట

ఇంతవరకు గృహస్థులను అన్నాను. ఇప్పుడు నా వారిని అనవలసి ఉన్నది.

మా నల్లరేగడి చేలలో గాడిదగడపాకు విరివిగా మొలుస్తుంది. పిల్లల కడుపులో పురుగులకు దాని పసరు పోయడం మా ప్రాంతపు పాత ఆచారం. నేనూ గురుకులంలో నేర్చుకొన్నాను, కొన్నేండ్లు ఇచ్చాను. ఈశ్వరివేరు కూడా ఆ వర్గపు మొక్కయే. ఈ వర్గపు మొక్కలలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నెమ్మదిగా ఎండగట్టి, మూత్రమార్గంలో క్యాన్సరును కలిగిస్తుందని నేడు నిర్ధారణ అయినది. బెల్జియం దేశపు బ్రస్సెల్స్ నగరంలో సన్నబడడానికి మందు తీసుకొన్న స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయిన సంగతి 1993లో వైద్యలోకానికి తెలిసినది. ఒక మూలికకు బదులుగా ఈ వర్గపు మూలిక అందులో కలియడమే అందుకు కారణం. అట్లు రోగగ్రస్తులైనవారు వందకు పైగా తేలారు. ఈ వర్గపు మూలికలు గల మందులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో మానవులకు నిశ్చయంగా క్యాన్సర్ కారకాలని ప్రకటించినది.

‘తాతల నాటి నుండి ఇస్తున్నాము, ఎవరికి ఏమైనది?’ అని కొందరు నన్ను ప్రశ్నించారు. ఈ విషం ఆనాడే పనిచేసేది కాదు. ఏండ్లు గడచిన పిదప బయటపడేది. పసరు పోసిన తాత, మూత్రపిండాలు చెడిన మనుమడు, ఈ ఇద్దరినీ కలిపి చూచినవారెవరు? చూడలేదు గనుక జరగలేదనడం శాస్త్రం కాదు. పురుగులకు వాయువిడంగాలున్నవి, బడులలో, అంగన్‌వాడీలలో ఉచితంగా ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ ఉన్నది. గాడిదగడపాకును, ఈశ్వరిని కడుపులోనికి ఇవ్వడం నేను మానివేశాను. తక్కినవారు కూడా మానవలెనని చేతులు జోడించి వేడుకొంటున్నాను. గురువు నేర్పినదానిని విడిచితే గురుద్రోహం కాదు. హాని అని తెలిసిన పిదప కూడా ఇస్తే రోగిద్రోహం.

పరీక్ష అవిశ్వాసం కాదు

నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, నేత్రం, ఆకృతి: ఈ ఎనిమిదింటినీ పరీక్షింపుమన్నది మన సంప్రదాయమే. మూత్రంపై నూనెచుక్క వేసి చూచిన పూర్వులు నేడున్నచో ఆ మూత్రాన్నే సూక్ష్మదర్శిని క్రింద చూడకుండా ఉంటారా? నాడి దోషగతిని చెప్పవచ్చును. రాయి ఎన్ని మిల్లీమీటర్లో చెప్పదు. గుల్మం పాకానికి వచ్చినప్పుడు అది ధన్వంతరి సంప్రదాయపు శస్త్రవైద్యుల అధికారమని చరకుడే తప్పుకొన్నాడు. సుశ్రుతుడు అశ్మరి ఎక్కువగా బాలలకు వస్తుందని గుర్తించి, మందులకు లొంగనప్పుడే శస్త్రకర్మ చేయమన్నాడు. నిపుణునికైనా సిద్ధి నిశ్చయం కాదు గనుక ముందు రాజు అనుమతి కోరమన్నాడు. నేడు ఆసుపత్రిలో చేయించే సంతకం ఆ అనుమతికి వారసురాలే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ ఎన్ని కుటుంబాలు మూత్రపిండాల వ్యాధికి బలియైనవో మనకు తెలుసు. అక్కడి రోగానికి మూలకారణం ఇంకా తేలలేదు. పలాసలో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ఆరంభమైనవి. ఉద్దానం నేర్పిన పాఠం మనకూ వర్తిస్తుంది: మూత్రపిండాలు అరవవు. సగం శక్తి పోయేదాకా రక్తంలోని క్రియాటినిన్ కూడా పెరగకపోవచ్చును. అందుచేత మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, నొప్పిబిళ్ళలు వాడినవారు ఏటా ఒకసారి రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకొనవలెను. ఈ మూడూ తెలియనిదే మూత్రపిండ రోగికి నేను కషాయం కాచి ఇవ్వను.

ఇంట చేయదగినవి

ఆరోగ్యవంతులు మూత్రం లేత గడ్డిరంగులో ఉండేటట్లు నీరు త్రాగవలెను. మా ఎండలలో పనిచేసేవారికి మూడు, నాలుగు లీటర్లు అవసరం. పలుచని మజ్జిగ, బార్లీ నీరు, నిమ్మనీరు మేలు. నన్నారి షర్బతు చలువే, చక్కెర తగ్గించుకొనండి.

చిన్న రాయి అని వైద్యుడు నిర్ణయించి, మూత్రపిండాలు బాగున్నవని తేలినవారు పల్లేరుకాయల పొడి 10 గ్రాములు 160 మిల్లీలీటర్ల నీటిలో మరిగించి, నాల్గవ వంతు మిగిల్చి, వడకట్టి, దినానికి ఒకమారు తీసుకొనవచ్చును. ఉలవకట్టు వారానికి రెండు, మూడు మార్లు చాలు. పచ్చి పాలకూర రసాన్ని గ్లాసులకొద్దీ త్రాగడం నేడు కొత్త అలవాటు. అందులోని ఆక్సలేటు మూత్రపిండాలకే ఎదురు తిరుగుతుంది.

విరేచనాలైన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. నీరు, పేలాల జావ ఇవ్వండి, చన్నుపాలు మాన్పకండి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, వాపు ఉన్నవారికి పై విధులు వర్తించవు. వారికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదకరం కావచ్చును. ఎక్కువ నీరు కూడా భారమే. వైద్యుడు చెప్పిన కొలతయే వారికి పథ్యం. ఏ భస్మమూ, ఏ రసౌషధమూ స్వయంగా వాడరాదు.

నా అరుగు మీదికి వచ్చేవారిని నేనిప్పుడు మందు ఇవ్వకుండానే చాలాసార్లు పరీక్షకు పంపుతున్నాను. ‘సామి మందు మరచినాడా?’ అని వారు నవ్వుకొంటారట. మరువలేదు. తొమ్మిదేండ్ల ఆ బాలుడు నాకు గుర్తున్నాడు. మీ ఇంట ఎవరికి కడుపు నొచ్చినా, చేయి మందు సీసా మీదికి పోకముందు నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, జ్వరమున్నదా, మూత్రమెట్లున్నది అని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబులు వ్రాసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. సగం వైద్యం అక్కడే జరుగుతుంది.