మ్యాపులో ఖాళీగా ఉందంటే మనుషులు లేరని కాదు

గ్రేట్ నికోబార్ అనగానే అందరూ చెట్లు, సముద్ర తాబేళ్ల గురించే మాట్లాడతారు. నేను దాని మ్యాపు గురించి రాస్తున్నా.

ఆ దీవి సుమారు 910 చదరపు కిలోమీటర్లు. దాదాపు అంతా అడవే. 642 మీటర్ల థుల్లియర్ కొండ అక్కడే ఉంది. 1989 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. చాలా భాగం ట్రైబల్ రిజర్వు కూడా. లోపలి అడవిలో షోంపెన్‌లు ఉంటారు, 2011 లెక్కల్లో 229 మంది. తీరం నికోబారీలది.

కాంటూరు మ్యాపు చూస్తే కొండ ఎంత ఎత్తో, వాగు ఎటు పారుతుందో తెలుస్తుంది. ఆ వాగు ఎవరిదో తెలియదు.

2004 డిసెంబర్ 26న భూకంపానికి ఇందిరా పాయింట్ దగ్గర నేల సుమారు 4 మీటర్లు కుంగింది. పాత మ్యాపులోని తీరం ఇప్పుడు లేదు. కాబట్టి కొత్త సర్వే కావాల్సిందే, కాదనను. కానీ అదే రోజు సునామీకి నికోబారీల ఊళ్లు కొట్టుకుపోయాయి. బతికినవాళ్లను క్యాంప్‌బెల్ బే వైపు కాలనీలకు తెచ్చారు. మా ఊళ్లకు మమ్మల్ని పంపండని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు పైనుంచి ఫొటో తీసి మ్యాపు గీస్తే అక్కడ ఇళ్లు కనబడవు, అడవే కనబడుతుంది. దాన్నే ఖాళీ అంటారు.

పోర్టు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్, కరెంటు ప్లాంటు కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇస్తున్నారు. తమ పూర్వీకుల భూములు కూడా ఇందులో పోతాయని సరిగా చెప్పలేదంటూ ట్రైబల్ కౌన్సిల్ 2022లో తన నిరభ్యంతర పత్రాన్ని వెనక్కి తీసుకుంది.

మ్యాపు అంటే సైన్సు, దాంట్లో రాజకీయం ఏముంది అంటారు కొందరు. ఎత్తు కొలవడం సైన్సే. ఏ ఊరి పేరు రాయాలి, ఏది వదిలేయాలి అన్నది మాత్రం మనిషి తీసుకునే నిర్ణయం. 2006 అటవీ హక్కుల చట్టం హద్దులు చూసి మ్యాపు తయారుచేసే పని గ్రామసభకు ఇచ్చింది. ఎందుకంటే పోడు ఎవరిది, దేవర గుట్ట ఏది అని ఊరికే తెలుసు.

అందుకే నా మాట ఇది. నికోబారీల పాత ఊళ్లు వాళ్లే చూపించాలి, వాళ్ల భాషలో పేర్లు మ్యాపులో పడాలి. షోంపెన్‌ల సంగతి వేరు. బయటివాళ్లు వెళ్తే రోగాలు కూడా వెళ్తాయి. వాళ్ల అడవిని వివరంగా గీయకపోయినా నష్టం లేదు, అది వాళ్లదని రాస్తే చాలు. ఈ రెండూ అయ్యేదాకా ఆ మ్యాపు చూపించి ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు.